జలధ్వని ప్రశాంతి పథకం

గల్ఫ్ దేశాల్లో ఇంటిపని చేస్తున్న మన జిల్లా ఆడవాళ్లు దిగులుతో ఉన్నారని ప్రభుత్వానికి ఒకరోజు తెలిసింది. తాను దిగులుపడే వీలు లేదు కాబట్టి ప్రభుత్వం ఒక విభాగాన్ని పెట్టింది. దాని పేరు ప్రవాస గృహశ్రామిక మానసికోల్లాస విభాగం. పేరు పొడుగు వల్ల బోర్డు మా గోడ దాటి పక్కనున్న పశువుల ఆసుపత్రి గోడ మీదికి రెండడుగులు వెళ్లింది. ఆ రెండడుగుల గురించి రెండు శాఖల మధ్య ఉత్తరాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఆ విభాగంలో నేను జూనియర్ అసిస్టెంటుని. పేరు సోమరాజు. నా పని ఫోనెత్తడం. అక్కడి నుంచి ఎవరైనా ఫోన్ చేసి గోడు చెప్పుకుంటే విని, ఉల్లాస పత్రం అనే కాగితం నింపాలి. అందులో పదహారు గడులున్నాయి. ఇష్టమైన రంగుకి ఒక గడి ఉంది, చిన్నప్పటి ఆటకి ఒక గడి ఉంది. బాధకి గడి లేదు, ఎందుకంటే మాది ఉల్లాస విభాగం. ఆఖరి గడి పేరు నేపథ్య ధ్వని. ఫోన్లో మాటలతో పాటు ఇంకేం వినబడుతోందో అందులో రాయాలి, మూడు మాటలకు మించకుండా. హైదరాబాదు నుంచి వచ్చిన సలహాదారు డాక్టర్ నిశ్చల్ గారు ఆ గడి పెట్టించారు. ఆయన తెల్ల లాల్చీ వేసుకుని, కళ్లు మూసుకుని మాట్లాడతారు. కళ్లు తెరిచినప్పుడు ఎదుటివాళ్లు ఉన్నారో లేదో చూసి మళ్లీ మూసుకుంటారు.

సాయంత్రం నాలుగున్నరకి ఫోన్లు మొదలవుతాయి. అప్పుడు అక్కడ మధ్యాహ్నం రెండు. భోజనాలయ్యాక యజమానురాళ్లు ఒక గంట పడుకుంటారు. మనవాళ్లకి దొరికే తీరిక ఆ గంటే.

నక్కా సువార్త మొదటిసారి చేసింది అలాంటి సాయంత్రమే. మలికిపురం దగ్గర పల్లె వాళ్లది. గొంతు కన్నా నీళ్ల శబ్దం పెద్దగా వినిపించింది.

"ఇనపడతందాండి? పంపు ఇప్పి మాట్టాడతన్నానండి. ఈ ఇంట్లో గడియున్న తలుపు బాత్రూందొక్కటేనండి. పంపు కట్టేస్తే మేడాంకి నా మాట ఇనపడిపోతాదండి."

"చెప్పమ్మా."

"మూడంతస్తుల ఇల్లండి. పదకొండు మందండి. నేనొక్కదాన్నేనండి. రెండేళ్లకని రాసిచ్చారండి, మూడో ఏడు కూడా సగమైపోయిందండి. పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళమేసుకున్నారండి. పనికి బయపడే మనిషిని కాదండి నేను. కానీ నాకు మతి పోతందండి."

"మతి పోవడమంటే?"

పంపు ఇంకాస్త తిప్పినట్టుంది, నీళ్ల శబ్దం పెరిగింది.

"మొన్న మా పాప పేరు గుర్తు రాలేదండి. పొద్దున్నించీ రాలేదండి. బైబిల్లో పేరే పెట్టుకున్నాం కదా అని, బైబిల్లో ఆడోళ్ల పేర్లన్నీ వరసగా అనుకున్నానండి, నేల తుడుస్తా. దొరకలేదండి. సాయంత్రం బట్టలారేస్తుంటే దొరికిందండి, ఎస్తేరని."

నాకూ ఇద్దరు ఆడపిల్లలు. ఆ మాట వినగానే నా పెన్ను ఆగింది. ఉల్లాస పత్రంలో ఆ మాట రాయడానికి చోటు వెతికాను. ఇష్టమైన రంగు గడి ఒక్కటే ఖాళీగా ఉంది.

సువార్తకి కావలసింది ఒకటే. ఆమె పరిస్థితి వివరిస్తూ మా డైరెక్టరుగారి సంతకంతో ఒక ఉత్తరం అక్కడి మన రాయబార కార్యాలయానికి వెళ్లాలి. వెళ్తే వాళ్లు యజమానిని పిలిచి, పాస్‌పోర్టు ఇప్పించి, విమానం ఎక్కిస్తారు. ఒక్క కాగితం, ఒక్క సంతకం. అది చేయిస్తానని మాటిచ్చాను. ఆఖరి గడిలో "బాత్రూం నీళ్ల శబ్దం" అని రాసి కాగితం పైకి పంపాను. మూడే మాటలు కాబట్టి, ఎందుకో రాయలేదు.

మర్నాడు ఉత్తరం టైపు చేసి డైరెక్టరు పరాంకుశంగారి ముందు పెట్టాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి, మా లెటర్‌హెడ్ వైపు చూపించారు. దాని మీద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ ఉంటుంది.

"ఈ సూర్యుడి కింద ఈ ఏడుపేమిటయ్యా సోమరాజూ?"

"ఉన్నదే రాశాను సార్."

"ఉన్నది రాయడానికి రెవిన్యూ వాళ్లున్నారు. మన విభాగపు ఉద్దేశం ఏమిటి? సానుకూల దృక్పథాన్ని పెంపొందించుట. నేను దీని మీద సంతకం పెడితే ఒక శ్రామికురాలు ఉల్లాసంగా లేదని విభాగమే ధ్రువీకరించినట్టవుతుంది. అప్పుడు విభాగం ఎందుకున్నట్టు?"

ఉత్తరం వెనక్కి తెచ్చుకున్నాను. సువార్త అక్క కరుణ ఆ రోజే మలికిపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. చెల్లెలి కూతురిని మూడేళ్లుగా తనే పెంచుతోంది. సంతకం ఎప్పుడవుద్దండి అని అడిగింది. పరిశీలనలో ఉందని చెప్పాను. ఆ మాటకి అర్థమేమిటని అడగలేదు. మన జనం ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ చదువుకున్నారు.

ఈలోగా మా కాగితాలన్నీ నిశ్చల్ గారు లెక్క కట్టారు. మూడు నెలల్లో రెండువందల పన్నెండు మంది ఫోన్ చేశారు. అందులో నూట ఎనభై ఏడు మంది కాగితాల్లో నేపథ్య ధ్వని గడిలో నీళ్లున్నాయి. ఆయన కళ్లు తెరిచారు. అత్యవసర సమావేశం పెట్టించారు.

"మిత్రులారా, మనం బోధించకముందే వారు కనుగొన్నారు," అన్నారు నిశ్చల్ గారు గాలిలో వేళ్లు ఆడిస్తూ. "ఎడారి దేశం. దాహార్తమైన మనస్సు. సహజంగానే ఆ సోదరీమణులు ప్రవహించే జలం దగ్గర కూర్చుని హృదయం విప్పుతున్నారు. ఇది జలధ్వని చికిత్స. స్వయంప్రేరితం. ప్రపంచంలోనే ప్రథమం."

డైరెక్టరుగారు 'ప్రపంచంలోనే ప్రథమం' అన్నది రాసుకున్నారు.

నేను లేచాను. ఇరవయ్యేళ్ల సర్వీసులో మీటింగులో లేవడం అదే మొదలు. "సార్, అది చికిత్స కాదు సార్. మేడమ్‌కి మాట వినపడకుండా పంపు తిప్పుకుంటున్నారు సార్. ఆ ఇళ్లలో వాళ్లకి గడియ ఉన్న చోటు బాత్రూం ఒక్కటే సార్."

నిశ్చల్ గారు జాలిగా నవ్వారు. "కారణం స్థూలం. ఫలితం సూక్ష్మం."

"కూర్చో సోమరాజూ," అన్నారు డైరెక్టరుగారు. "ఎందుకు తిప్పుతున్నారనేది మన పరిధి కాదు. తిప్పుతున్నారా లేదా? తిప్పుతున్నారు. అంతవరకు మన పరిధి."

నేను కూర్చున్నాను. కూర్చోవడంలో నాకు అనుభవం ఉంది.

అలా జలధ్వని ప్రశాంతి పథకం పుట్టింది. ముందుగా ఆఫీసు ముంగిట్లో ఒక ఫౌంటెన్ కట్టారు. మున్సిపాలిటీ నీళ్లు రోజుకి గంటసేపే వస్తాయి కాబట్టి అవన్నీ ఫౌంటెన్‌కే మళ్లించారు. స్టాఫ్ బాత్రూంకి తాళం వేశారు. మేం పశువుల ఆసుపత్రికి వెళ్లి వచ్చేవాళ్లం. అక్కడి కాంపౌండరు ప్రతిసారీ బోర్డు సంగతి ఎత్తేవాడు.

తర్వాత ఫోన్‌కి జలధ్వని పెట్టారు. ఎవరు చేసినా ముందు మూడు నిమిషాలు జలపాతం వినాలి, తర్వాతే లైను నాకు కలుస్తుంది. అక్కడ యజమానురాలు పడుకునేది గంట. ఆ గంటలో అంట్లు తోమి, ఇస్త్రీ ముగించి, బాత్రూంలోకి దూరే ఆడదానికి మిగిలేది పది నిమిషాలు. అందులో మూడు మా జలపాతం పట్టుకుపోయింది.

"సోమరాజుగారండి," అంది సువార్త ఆ వారం. ఇటు మా నీళ్లు, అటు ఆమె నీళ్లు. "ఇందాక నీళ్ల సప్పుడు ఇనపడితే, మీరు కూడా ఎవరికన్నా బయపడి బాత్రూంలో దూరారేమో అనుకున్నానండి."

నేను నవ్వలేకపోయాను. ఆమె చెప్పింది దాదాపు నిజమే.

"సంతకం అయ్యిందాండి?"

"పరిశీలనలో ఉందమ్మా."

"నిద్ర పట్టట్లేదండి. పడుకుంటే ఎవరో పిలిసినట్టుంటాదండి. లేచి ఎల్తే అందరూ పడుకునుంటారండి. మళ్లీ వచ్చి పడుకుంటే మళ్లీ పిలుస్తారండి. బేగా చేయించండి, మీకు పున్నెముంటాది."

మర్నాడు నేను ఉత్తరాన్ని మార్చి రాశాను. ఏడుపు తీసేశాను. 'సదరు శ్రామికురాలు విశ్రాంతి నిమిత్తం స్వదేశం రాగోరుచున్నది' అని మెత్తగా పెట్టాను. డైరెక్టరుగారు అదీ తిప్పి పంపారు. రోజూ జలధ్వని చికిత్స పొందుతున్న వ్యక్తికి విశ్రాంతి అవసరమంటే పథకం విఫలమైందని అర్థం వస్తుందని అంచున రాశారు. ఆయన దస్తూరి చాలా అందంగా ఉంటుంది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా చెప్పాలి.

పథకం విజయవంతం కావడానికి సహకరించిన వారందరినీ అభినందించాలని డైరెక్టరుగారికి తోచింది. సహకరించింది ఎవరు? తమ ఇళ్లలో నీళ్లు వాడుకోనిచ్చిన యజమానులు. వాళ్లకి కృతజ్ఞతాపత్రం పంపాలన్నారు. తెలుగులో ఇలా ఉంది:

'మహాశయా, తమ గృహమున సేవలందించుచున్న శ్రీమతి నక్కా సువార్త ప్రతిదినము మధ్యాహ్నము రెండు గంటలకు తమ స్నానాలగదిలో తలుపు వేసుకొని, జలధ్వని నడుమ మా విభాగముతో తన అంతరంగమును పంచుకొనుచున్నారని తెలియజేయుటకు సంతోషించుచున్నాము. ఇందుకు తమరు అందించుచున్న సహకారము శ్లాఘనీయము.'

దీన్ని అరబ్బీలోకి మార్పించారు. పేర్లు, చిరునామాలు, వేళలు మా కాగితాల నుంచి తీసి ఎక్కించమన్నారు. నూట ఎనభై ఏడు ఉత్తరాలు.

"సార్," అన్నాను, "వాళ్లకి తెలియకూడదనే కదా సార్ ఆ పంపు..."

"తెలియకుండా చేసే పనిలో పారదర్శకత ఏముంటుంది? మనవాళ్లు తప్పు చేస్తున్నారా?"

"లేదు సార్."

"మరి దాచడమెందుకు?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. కానీ అది బల్ల ఇవతలివైపు జవాబు. అవతలివైపు చెల్లదు. ఉద్యోగం పోతే పిల్లల చదువులేమవుతాయో లెక్క వేసుకున్నాను. నూట ఎనభై ఏడు కవర్లూ నేనే అంటించాను. సువార్తది చేతిలోకి వచ్చినప్పుడు కొంతసేపు పట్టుకున్నాను. జేబులో పెట్టుకుని ఉండవచ్చు. పోస్టు రిజిస్టర్లో వరస నంబరు తప్పుతుందని అంటించి పంపేశాను.

మూడు వారాల్లో ఫోన్లు తగ్గిపోయాయి. రోజుకి పదిహేను వచ్చేవి నాలుగయ్యాయి, తర్వాత ఒకటి, తర్వాత ఏమీ లేదు. నిశ్చల్ గారు గ్రాఫు గీశారు. గీత కిందికి దిగి నేలని తాకింది. ఫిర్యాదులు సున్నా అని డైరెక్టరుగారు పైకి రాశారు. పైనుంచి అభినందనలు వచ్చాయి. స్టాఫందరికీ మైసూర్‌పాక్ పంచారు. నా ముక్క ఫోన్ పక్కనే రెండు రోజులుండి చీమల పాలైంది.

నాలుగో వారం ఒక కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి నీళ్ల శబ్దం లేదు. రోడ్డు మీద బండ్ల మోత వినిపించింది.

"నేనండి, సువార్తనండి. చెత్త పారేయడానికొచ్చి, పక్కింటి డ్రైవరు ఫోన్లో చేస్తన్నానండి. బాత్రూం తలుపు ఊడబీకేశారండి. నా ఫోను లాక్కున్నారండి. తానం చేయాలంటే దుప్పటి అడ్డం కట్టుకుంటన్నానండి. ఎవరో ఉత్తరం రాశారంటండి మా మేడాంకి."

నేను పోస్టు రిజిస్టరు తెరిచి ఆమె ఉత్తరం వరస నంబరు వెతికాను.

"ఉన్నారాండి? పాప పేరు మళ్లీ పోయిందండి. నాలుగు రోజులైందండి, దొరకట్లేదండి. డ్రైవర్నడిగితే ఆడికేం తెలుస్తాదండి. మీకు చెప్పాను కదండి ఒకసారి. మీరు చెప్పండి."

"ఎస్తేరు అమ్మా."

"ఎస్తేరు," అంది. ఇంకోసారి అనుకుంది. "ఉంటానండి, పిలుస్తన్నారు."

ఆ సాయంత్రం నేను ఇంటికెళ్లలేదు. ఆఫీసులోనే కూర్చుని మా ఫైళ్లన్నీ తిరగేశాను. ఇన్ని నెలల్లో డైరెక్టరుగారు ఏయే కాగితాల మీద సంతకం పెట్టారో చూశాను. బాధ ఉన్న కాగితం ఒక్కటీ లేదు. పొగడ్త ఉన్న కాగితం ఒక్కటీ ఆగలేదు. ఇంత చిన్న సంగతి గ్రహించడానికి నాకు ఇరవయ్యేళ్లు పట్టింది.

పొద్దున్నే కొత్త ఉత్తరం తీసుకెళ్లాను.

"సార్, మన పథకానికి ఒక ఆదర్శమూర్తి ఉంటే బాగుంటుంది సార్. 'ఆదర్శ ప్రశాంత శ్రామికురాలు' అని ఏటా ఒక బిరుదు. ఈ ఏడాదికి నక్కా సువార్త. ఇక్కడికి రప్పించి, మన ఫౌంటెన్ ముందు సన్మానం. ఆమె యజమానికి 'ఉత్తమ గృహస్థు' అని ఒక ప్రశంసాపత్రం. ఆయన తరఫున ఆవిడే స్వీకరిస్తుంది. అందుకని పాస్‌పోర్టు ఇచ్చి పంపవలసిందిగా కోరుతున్నాం."

డైరెక్టరుగారు మొదటి రెండు వాక్యాలు కూడా పూర్తిగా చదవలేదు. సంతకం పెట్టి, "ఫౌంటెన్‌కి రంగు లైట్లు పెట్టించు," అన్నారు.

పన్నెండు రోజుల్లో సువార్త దిగింది. తన పేరు బంగారు అక్షరాల్లో రాస్తారని తెలిసి యజమానే బీరువా తాళం తీశాడట, టిక్కెట్టూ తనే కొన్నాడట. మన విభాగానికీ ఆ మూడంతస్తుల ఇంటికీ ఉన్న పోలిక నాకప్పుడు తెలిసింది.

కరుణతో కలిసి ఆఫీసుకి వచ్చింది. అంతకుముందు నేనామెని చూడలేదు. పెద్ద వయసు కాదు, ముప్పై రెండు. చేతులు మాత్రం ఇంకెవరివో అతికించినట్టు ముసలిగా ఉన్నాయి. పక్కన అయిదేళ్ల పిల్ల. ఎస్తేరు తల్లిని కొత్తవాళ్లని చూసినట్టు చూస్తోంది, పెద్దమ్మ కొంగు వదలడం లేదు.

సభ ఘనంగా జరిగింది. ఫౌంటెన్‌ని పూర్తిగా తిప్పారు, ఎర్ర లైటూ పచ్చ లైటూ వెలిగాయి. డైరెక్టరుగారు నలభై నిమిషాలు మాట్లాడారు. నిశ్చల్ గారు కళ్లు మూసుకునే శాలువా కప్పారు. అది సగం సువార్త మీద, సగం ముఖ్య అతిథి మీద పడింది. తర్వాత మైకు ఆమెకిచ్చి జలధ్వని తన జీవితాన్ని ఎలా మార్చిందో చెప్పమన్నారు.

సువార్త చెప్పింది. మొత్తం చెప్పింది. నాలుగింటికి లేవడం, పదకొండు మంది, బీరువా తాళం, తలుపు, దుప్పటి. మూడేళ్లుగా నీళ్ల పక్కన ఎంత గొంతుతో మాట్లాడటం అలవాటైందో అంతే గొంతుతో చెప్పింది. మైకు పక్కన నిలబడ్డ నాకు వినిపించింది. ఇంకెవరికీ వినిపించలేదు. ఫౌంటెన్ ఆపమని అడగబోయాను. అది సభ ఇతివృత్తం, ఆపకూడదని డైరెక్టరుగారు సైగ చేశారు. ఆమె ముగించగానే జనం అయిదు నిమిషాలు చప్పట్లు కొట్టారు.

మర్నాడు శాలువాకి రశీదు మీద వేలిముద్ర వేయడానికి వచ్చింది. వేసి, వెళ్లకుండా నిలబడింది.

"మేడాంకి వచ్చిన ఉత్తరం మీద కూడా ఈ సూర్యుడి బొమ్మే ఉందండి. అలాంటివి ఎంతమందికి రాశారండి?"

"నూట ఎనభై ఏడు."

"అంటించింది ఎవరండి?"

"నేనే అమ్మా."

ఆమె వేలికంటిన సిరా కొంగుకి తుడుచుకుంది. తిడితే బాగుండేది. "మా వీధి చివర ఇంట్లో మల్లీశ్వరని ఉందండి, అంబాజీపేట మనిషి," అంది. "మా తలుపు తీసిన రోజే ఆళ్ల తలుపు కూడా తీశారండి. ఆవిడ్నీ సన్మానానికి పిలవండి."

అప్పటికే అడిగాను. ఆదర్శం ఏడాదికి ఒక్కరే ఉండాలి, ఇద్దరుంటే ఆదర్శం కాదు అన్నారు డైరెక్టరుగారు. అదే చెప్పాను.

"అయితే పిలవకపోతే మానెయ్యండి. ఆ తలుపులు మళ్లీ పెట్టమని రాయండి. అదన్నా రాయండి."

నేను రాశాను. ఈసారి ఏమీ తగ్గించకుండా, నూట ఎనభై ఆరు ఇళ్లలో స్నానాలగది తలుపులు మన ఉత్తరాల వల్లే పోయాయేమోనని, వెంటనే కనుక్కుని తిరిగి పెట్టించాలని, ఆ ఉత్తరాలు అంటించిన బాధ్యత నాదని కూడా రాసి కింద సంతకం పెట్టాను. మా పిల్లల చదువుల గురించి లెక్క వేసుకోలేదు. మూడో రోజు ఫైలు తిరిగి వచ్చింది. నన్ను తీసెయ్యలేదు. నా బాధ్యత గురించి ఒక్క మాటా లేదు. అంచున డైరెక్టరుగారి అందమైన దస్తూరిలో ఇలా ఉంది: 'తలుపులు ఈ విభాగపు పరిధిలోనివి కావు. గృహనిర్మాణ శాఖకు పంపవలెను.'

పంపించాను. సువార్త రోజూ నాలుగున్నరకి కూతురిని తీసుకుని వచ్చి నా ఫోన్ ఎదురుగా బల్ల మీద కూర్చుంటోంది, మల్లీశ్వరి చేస్తుందేమోనని. అయిదున్నర దాకా కూర్చుని వెళ్లిపోతుంది. ఫోన్ మోగదు. ఇంత ప్రశాంతంగా ఉన్న విభాగం రాష్ట్రంలో ఇంకొకటి లేదని నిన్ననే పైనుంచి ఉత్తరం వచ్చింది.